బ్రిస్టల్‌లో మొదలై పాలకొల్లులో తేలిన పాట

పోయిన సంచికలో హెడ్‌ఫోన్ల గురించీ, స్పీకర్ల గురించీ చెప్పుకున్నాం. "సామాను సమకూరింది సరే, మరి అందులో ఏం వినమంటారు?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. సినిమా పాటలు, భక్తి గీతాలు ఎవరి ఇంట్లో వాళ్ళకు ఎలాగూ ఉన్నాయి. వాటి జోలికి నేను పోను. ఈసారి మన ఇళ్ళల్లో అంతగా వినబడని ఒక సంగీతాన్ని పరిచయం చేస్తాను. దాని పేరు ట్రిప్-హాప్. జాజ్ దానికి పెద్దమ్మ వరస. 'చిల్ అవుట్' అని పిలిచే నిదానపు ఎలక్ట్రానిక్ సంగీతం చెల్లెలి వరస. పేర్లు చూసి బెదిరిపోకండి, వినడానికి ఏ చదువూ అక్కర్లేదు.

ఎలా ఉంటుందంటారా? తాపీగా నడిచే డ్రమ్ము. గుండెల్లో గుమ్మని మోగే బేస్ గిటార్. ఎక్కడో పాత గ్రామఫోన్ రికార్డు చిటపటలు. వాటి మీద ఒక పియానోనో, ఒక ట్రంపెట్టో, లేదా అప్పుడే నిద్ర లేచి పాడుతున్నట్టుండే ఒక గొంతో. చాలా పాటలు నిమిషానికి ఎనభై నుంచి వంద దెబ్బల వేగంతో సాగుతాయి. లేచి గంతులెయ్యమని తొందరపెట్టవు, కూర్చుని ఏడవమనీ అడగవు. శుక్రవారం మధ్యాహ్నం బిర్యానీ తిన్న తర్వాత మనిషి ఏ వేగంతో ఉంటాడో సరిగ్గా ఆ వేగం అనుకోండి!

మన ఇళ్ళల్లో దీనికి ఒక ఉపయోగం కూడా ఉంది. కారెక్కగానే ఎవరి ఫోను బ్లూటూత్‌కి కలపాలి అన్నదానిమీద ఏ ఇంట్లో గొడవ జరగదో చెప్పండి. నాన్నకి ఇళయరాజా, అమ్మకి కీరవాణి, పిల్లలకి ఏదో కొరియా బృందం, ఊరినుంచి వచ్చిన అమ్మమ్మకి అన్నమయ్య. చివరికి ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్ళు పెట్టుకుంటారు. నలుగురు ఒకే కారులో నాలుగు ఊళ్ళకు వెళుతున్నట్టుంటుంది. ఈ సంగీతంలో మాటలు తక్కువ. ఉన్నా అవి ముందుకు తోసుకు రావు. అందుకే భాష తగాదా, తరం తగాదా తేలిగ్గా సర్దుకుంటాయి.

అయితే ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అది కాదు. ఈ సంగీతాన్ని ఎవరు తయారుచేశారో, దేనితో తయారుచేశారో తెలిశాక, ఇది మనలాంటి కుటుంబాలు తప్పక వినాల్సింది అనిపించింది. ఆ కథ కొంచెం చెప్పాలి.

వలస వచ్చినవాళ్ళ పిల్లలు

ఇంగ్లండ్ పడమటి వైపున బ్రిస్టల్ అని ఒక రేవు పట్టణం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కరీబియన్ దీవులనుంచి పని వెతుక్కుంటూ ఎంతోమంది అక్కడికి వచ్చి స్థిరపడ్డారు. వస్తూ వస్తూ తమ సంగీతాన్నీ, 'సౌండ్ సిస్టమ్' అనే అలవాటునూ తెచ్చుకున్నారు. సౌండ్ సిస్టమ్ అంటే మన జాతరల్లో పెట్టే మైకు సెట్టు లాంటిదే. పెద్ద పెద్ద స్పీకర్లు గుట్టగా పేర్చి, రికార్డులు వేసి, వీధంతా పండగ చేసుకోవడం. 1980లలో ఆ ఊళ్ళో 'వైల్డ్ బంచ్' అనే అలాంటి బృందం ఒకటుండేది. అందులోంచి పుట్టిందే 'మాసివ్ అటాక్'. ఆ బృందంలో గ్రాంట్ మార్షల్ తల్లిదండ్రులు బార్బడోస్ నుంచి వచ్చినవాళ్ళు. రాబర్ట్ డెల్ నాజా తండ్రి ఇటలీలోని నేపుల్స్ మనిషి. అంటే ఇది చాలావరకు వలస వచ్చినవాళ్ళ పిల్లలు చేసిన సంగీతం.

వాళ్ళ మొదటి ఆల్బమ్ 'బ్లూ లైన్స్' 1991లో వచ్చింది. అప్పటికి ఈ సంగీతానికి పేరు కూడా లేదు. 'ట్రిప్-హాప్' అన్న మాటను 1994లో బ్రిటన్ పత్రిక 'మిక్స్‌మ్యాగ్' వాడింది. అదీ బ్రిస్టల్ వాళ్ళ గురించి కాదు, డీజే షాడో అనే కాలిఫోర్నియా కుర్రాడి పాట గురించి. ఆ పేరు బ్రిస్టల్ వాళ్ళకి పెద్దగా నచ్చలేదు. కానీ అతుక్కుపోయింది. ముద్దుపేర్ల సంగతి మనకు తెలియనిదా!

ఇక తయారీ పద్ధతి. పాత రికార్డుల్లోంచి రెండు సెకన్ల డ్రమ్ము ముక్కో, ఒక బేస్ వరసో తీసుకుని, యంత్రంలో పెట్టి తిప్పి తిప్పి వాయిస్తారు. దీన్ని శాంప్లింగ్ అంటారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలిసిన పనే. ఎవరో రాసి పెట్టిన కోడ్‌ను తీసుకుని, దాని మీద మన ప్రోగ్రాము కట్టడం లాంటిది. తేడా అల్లా ఇక్కడ కూడా లైసెన్సు చూసుకోవాలి, అసలు రాసినవాళ్ళ పేరు వెయ్యాలి, డబ్బు కట్టాలి. డీజే షాడో 1996లో తెచ్చిన 'ఎండ్‌ట్రడ్యూసింగ్' దాదాపు మొత్తం ఇలా పాత రికార్డుల ముక్కలతోనే కట్టిన ఆల్బమ్. అట్ట మీద కూడా రికార్డుల దుకాణంలో వెతుక్కుంటున్న మనుషుల ఫొటోనే ఉంటుంది.

పోర్టిస్‌హెడ్ అనే బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. 'డమ్మీ' (1994) ఆల్బమ్ కోసం వాళ్ళు తమ వాయిద్యాన్ని తామే రికార్డు చేసుకుని, దాన్ని గ్రామఫోన్ పళ్ళెం మీద అచ్చు వేయించి, ఆ పళ్ళేన్ని కావాలని గీతలు పడేలా వాడి, అప్పుడు అందులోంచి ముక్కలు తీసుకున్నారు. కొత్త ఆవకాయకు పాత జాడీ వాసన పట్టించడం లాంటి పని. 1995లో ఆ ఆల్బమ్‌కు బ్రిటన్‌లో పేరున్న మెర్క్యురీ బహుమతి వచ్చింది. గీతలు పడ్డ రికార్డు చప్పుడును ఇంతమంది ప్రేమించడంలో ఏదో ఉంది. ఆ చిటపట వినగానే ఇది ఎవరి ఇంట్లోనో చాన్నాళ్ళు ఉన్న వస్తువు అని చెవికి తెలుస్తుంది.

పాలకొల్లు దారి

ఇప్పుడు మీరు అడగొచ్చు, "అంతా బాగానే ఉందండీ, మనకూ బ్రిస్టల్‌కూ ఏమిటి సంబంధం?" అని. నేను కొత్త ఆల్బమ్‌లు కనుక్కునే పద్ధతి ఇక్కడే చెబుతాను. పాట నచ్చితే దాని వెనక అట్ట చదవాలి. అట్ట లేకపోతే ఫోనులో ఆ పాట వివరాలు చదవాలి. ఎవరు వాయించారు, ఎవరి ముక్క వాడుకున్నారు, ఏ కంపెనీ విడుదల చేసింది. ఆ పేర్లు పట్టుకుని ఇంకో ఆల్బమ్‌కు వెళ్ళాలి. యాప్ సూచించే పాటలు మనం నిన్న విన్నదానిలాంటివే ఇస్తాయి. పేర్లు మాత్రం మనల్ని ఊరు దాటిస్తాయి.

ఉదాహరణకు 'బ్లూ లైన్స్' మొదటి పాట 'సేఫ్ ఫ్రమ్ హార్మ్' తీసుకోండి. అందులో ఆగకుండా నడిచే ఆ బేస్, డ్రమ్ము బిల్లీ కోబమ్ 1973లో చేసిన 'స్ట్రాటస్' అనే జాజ్ రచనలోవి. ఎవరీ కోబమ్? జాన్ మెక్‌లాగ్లిన్ నడిపిన 'మహావిష్ణు ఆర్కెస్ట్రా'లో డ్రమ్మర్. అదే ఆల్బమ్‌లో ప్రసిద్ధమైన 'అన్‌ఫినిష్డ్ సింపతీ' పాటలో వినిపించే ఒక కేక కూడా మహావిష్ణు ఆర్కెస్ట్రా రికార్డులోదే. మెక్‌లాగ్లిన్ ఆ తర్వాత జాకీర్ హుస్సేన్, ఎల్. శంకర్, విక్కు వినాయకరామ్‌లతో కలిసి 'శక్తి' బృందం పెట్టాడు. 1990ల చివర్లో అదే 'రిమెంబర్ శక్తి'గా మళ్ళీ మొదలైనప్పుడు అందులోకి వచ్చిన మాండలిన్ విద్వాంసుడు ఎవరు? మన ఉప్పలపు శ్రీనివాస్. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన మన మాండలిన్ శ్రీనివాస్!

ఇది యాదృచ్ఛికం అనుకుంటే ఇంకో దారి చూపిస్తాను. 1990లో నుస్రత్ ఫతే అలీ ఖాన్ 'మస్త్ మస్త్' ఆల్బమ్ వచ్చింది. 1996 క్రికెట్ ప్రపంచ కప్ రోజుల్లో కోకా-కోలా ప్రకటనలో వినిపించిన పాట అది, నలభై దాటినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ ఆల్బమ్‌లో చివరి పాటను తమ పద్ధతిలో తిరగరాసింది మాసివ్ అటాక్ వాళ్ళే. ఆల్బమ్‌ను రూపొందించింది మైఖేల్ బ్రూక్ అనే కెనడా గిటారిస్టు. విడుదల చేసింది పీటర్ గేబ్రియల్ స్థాపించిన 'రియల్ వరల్డ్' సంస్థ. వాళ్ళ స్టూడియో బాక్స్ అనే పల్లెలో ఉంది. బ్రిస్టల్‌కు ముప్పై కిలోమీటర్లు, అంటే మనకు దోహా నుంచి అల్ ఖోర్ వెళ్ళేంత దూరం కూడా లేదు. అదే బ్రూక్, అదే సంస్థకోసం, 1995లో ఇంకో ఆల్బమ్ చేశాడు. పేరు 'డ్రీమ్'. అట్ట మీద బ్రూక్ పేరు పక్కన ఉన్న పేరు యు. శ్రీనివాస్.

చూశారా? ఏ దారిన వెళ్ళినా పాలకొల్లులోనే తేలాం.

శ్రీనివాస్ గురించి పిల్లలకు రెండు మాటలు. మాండలిన్ పాశ్చాత్య వాద్యం. అప్పటిదాకా మనవైపు సినిమా పాటల్లో మెరుపులా వినిపించి వెళ్ళిపోయేది. ఆయన విద్యుత్ మాండలిన్ మీద గమకాలు పలికించి కర్ణాటక కచేరీ చేశాడు. 1978లో గుడివాడలో మొదటి కచేరీ చేసేనాటికి ఆయనకి తొమ్మిదేళ్ళు. 1983లో, పద్నాలుగేళ్ళ వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. జాజ్ ఉత్సవంలో త్యాగరాజ కీర్తనలు తెలిసిన పిల్లవాడు! 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్ళకే చెన్నైలో కన్నుమూశాడు.

కిందటేడాది మా మామగారు విజిట్ వీసా మీద వచ్చినప్పుడు 'డ్రీమ్' పెట్టుకుని అందరం జిక్రీత్ వైపు వెళ్ళాం. ఆయనది నరసాపురం పక్క పల్లె. మొదటి పది నిమిషాలు ఏమీ అనలేదు. బ్రూక్ గిటారు శబ్దం తెగకుండా సాగుతూ ఉంటుంది, అలా సాగదీసే గిటారును ఆయనే తయారుచేసుకున్నాడు. దాని మీద మాండలిన్ ఎక్కగానే మామగారు ముందుకు వంగి, "అల్లుడుగారూ, ఈ వాయిద్యం మన పాలకొల్లు కుర్రాడిది కాదూ?" అన్నారు. వెనక సీట్లో మా అమ్మాయి ఇయర్‌ఫోన్లు తీసేసింది. "తాతయ్యా, నీకెలా తెలుసు?" అంది. ఇక అక్కడినుంచి దుఖాన్ రోడ్డంతా ఆయన చూసిన కచేరీల కథే. ఇద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఏవి వినాలి?

సరే, జాబితాకొద్దాం. ఒక్కో ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరిదాకా వరుసలో వినండి. ఇవి కథల పుస్తకాల్లాంటివి కావు, నవలల్లాంటివి.

కొత్తవాళ్ళు సెయింట్ జర్మైన్ 'టూరిస్ట్' (2000)తో మొదలుపెట్టండి. ఫ్రాన్స్‌కు చెందిన లుడోవిక్ నవార్ చేసినది. జాజ్‌కు పుట్టిల్లు లాంటి బ్లూ నోట్ సంస్థ విడుదల చేసింది. మొదటి పాటలో డ్రమ్ము ముక్క డేవ్ బ్రూబెక్ బృందం వాయించిన 'టేక్ ఫైవ్' (1959) లోది. పిల్లలూ, మీకో పని. అసలు 'టేక్ ఫైవ్' వెతికి వినండి. అది ఐదు దెబ్బల లెక్క. సంగీతం క్లాసులో ఖండచాపు నేర్చుకున్నవాళ్ళు వేళ్ళ మీద పట్టెయ్యగలరు. పట్టగలిగితే ఇంట్లో ఒక ఐస్‌క్రీము గెలుచుకున్నట్టే, అమ్మానాన్నలకు నేను చెబుతున్నానని చెప్పండి!

కారులో కుటుంబంతో వినడానికి ఎయిర్ 'మూన్ సఫారీ' (1998), జీరో 7 'సింపుల్ థింగ్స్' (2001). రెండూ మెత్తని దూది పరుపులాంటివి. ఎయిర్ బృందంలో ఉన్నది వెర్సాయ్‌కి చెందిన ఇద్దరు మిత్రులు. ఒకాయన ఆర్కిటెక్చర్, ఇంకొకాయన గణితం చదివారు. "సంగీతం, గణితం రెండూ కుదరవు" అనే తల్లిదండ్రులకు ఈ ముక్క చెప్పండి.

రాత్రి పనిచేసుకునేవాళ్ళకు క్రూడర్ అండ్ డార్ఫ్‌మైస్టర్ 'ది కే అండ్ డీ సెషన్స్' (1998). వియన్నా నగరంలోని ఇద్దరు మిత్రులు ఇతరుల పాటలను తమ పద్ధతిలో మలిచి రెండు సీడీలుగా తెచ్చారు. నెలాఖరు రిపోర్టులు, సర్వర్ అప్‌గ్రేడ్లు దీనితో తొందరగా అవుతాయని నా అనుభవం. సితార్ ఇష్టమైతే వాషింగ్టన్‌కు చెందిన థీవరీ కార్పొరేషన్ 'ది మిర్రర్ కాన్‌స్పిరసీ' (2000) చూడండి.

నన్ను ఒక్కటే చెప్పమంటే బొనోబో 'బ్లాక్ శాండ్స్' (2010) అంటాను. బొనోబో అంటే సైమన్ గ్రీన్ అనే ఇంగ్లండ్ సంగీతకారుడు. కంప్యూటర్‌లో కట్టిన సంగీతంలో తంత్రీ వాద్యాలూ, ఊదే వాద్యాలూ ఇంత సహజంగా కలవడం అరుదు. సూర్యాస్తమయం వేళ జిక్రీత్ ఎడారిలో, రిచర్డ్ సెర్రా 2014లో నిలబెట్టిన నాలుగు ఉక్కు పలకల దగ్గర కారు ఆపి వినండి. మొత్తం ఒక కిలోమీటరు పైగా పొడవునా విడివిడిగా నిలబడ్డ ఆ పలకల మధ్య ఉన్న ఖాళీకీ, ఈ సంగీతంలో ఉన్న ఖాళీకీ బాగా కుదురుతుంది.

పిల్లలతో కలిసి చూస్తూ వినడానికి సినిమాటిక్ ఆర్కెస్ట్రా 'మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా' (2003). 1929 నాటి జిగా వెర్తోవ్ మూకీ చిత్రానికి చేసిన సంగీతం ఇది. ఒక నగరం పొద్దున్నే లేవడం, ట్రాములు, యంత్రాలు, జనం. కథ లేదు, మాట లేదు. అయినా మా అబ్బాయి చివరిదాకా కదల్లేదు.

'లో-ఫై' అంటూ చదువుకునేటప్పుడు ఏదో పెట్టుకుంటున్నారని పిల్లల మీద విసుక్కునేవారికి ఒక మాట. ఆ చెట్టు వేళ్ళలో ఒకటి నుజాబెస్ అనే జపాన్ సంగీతకారుడు. ఆయన 'మోడల్ సోల్' (2005) ఒకసారి మీరూ వినండి. జాజ్ పియానో మీద మెత్తని డ్రమ్ము. ఆయన కూడా 2010లో, చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు వింటున్నది ఏమిటో తెలిస్తే కసురుకోవడం తగ్గుతుంది. ఇది కూడా నా అనుభవమే.

మనం ఉన్న నేల సంగతి మరిచిపోకూడదు. 2000ల తొలినాళ్ళలో బేరూత్‌లో 'సోప్‌కిల్స్' అనే ఇద్దరి బృందం అరబ్బీలో ట్రిప్-హాప్ చేసింది. అందులో పాడిన యాస్మిన్ హమ్దాన్ బాల్యం లెబనాన్‌తో పాటు కువైత్, అబూధాబిలలో కూడా గడిచింది. అంటే మన పిల్లల్లాగే గల్ఫ్‌లో పెరిగిన అమ్మాయి. తర్వాత ఒంటరిగా చేసిన 'యా నాస్' (2013)లో ఆమె పలు ప్రాంతాల అరబ్బీ యాసల్లో పాడింది. స్కూల్లో అరబిక్ చదువుతున్న పిల్లలకు ఏ మాట ఎంత అర్థమయిందో అడిగి చూడండి. ఊద్ నాదం నచ్చితే ట్యునీషియాకు చెందిన అనూర్ బ్రాహెమ్ 'తిమార్' (1998) దొరకబుచ్చుకోండి.

పెద్దవాళ్ళకో హెచ్చరిక. పోర్టిస్‌హెడ్ 'డమ్మీ', మాసివ్ అటాక్ 'మెజనీన్' (1998), ట్రికీ 'మాక్సిన్‌క్వే' (1995) గొప్పవే కానీ చీకటి ఎక్కువ. చిన్నపిల్లలున్నప్పుడు పక్కన పెట్టండి. అన్నట్టు 'మాక్సిన్‌క్వే' అన్నది ట్రికీ తల్లి పేరు, మాక్సిన్ క్వే. చిన్నతనంలోనే పోయిన తల్లి పేరు తన మొదటి ఆల్బమ్‌కు పెట్టుకున్నాడు. లండన్‌లో పెరిగిన శ్రీలంక తమిళ అమ్మాయి ఎం.ఐ.ఏ. కూడా 2007లో తన ఆల్బమ్‌కు వాళ్ళమ్మ పేరే పెట్టింది: 'కాలా'. అది నిదానపు సంగీతం కాదు గానీ, మొదటి పాటలో 'దళపతి' (1991)లోని ఇళయరాజా పాట ముక్క ఒకటి దూసుకువస్తుంది. పట్టుకోండి చూద్దాం!

తల్లిదండ్రుల గొంతు

చివరగా ఉంచుకున్నది నితిన్ సాహ్నీ 'బియాండ్ స్కిన్' (1999). ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన పంజాబీ కుటుంబం పిల్లవాడు. తబలా, ఫ్లమెన్కో గిటారు, జాజ్ పియానో, డ్రమ్ యంత్రం అన్నీ ఆయనకు సొంత ఇంటి సామాన్లే. ఆల్బమ్ మొదట్లో 1998 అణుపరీక్షలను ప్రకటిస్తున్న వాజ్‌పేయి గొంతు వినిపిస్తుంది. మధ్యలో ఒకచోట ఆయన తల్లిదండ్రులు తాము దేశం విడిచి వచ్చిన రోజుల గురించి మామూలుగా మాట్లాడుకున్న మాటలు వినిపిస్తాయి. వాళ్ళు పాడరు. ఊరికే చెబుతారు. కింద సంగీతం మెల్లగా నడుస్తుంటుంది. ఆ పాట విన్న ప్రతిసారీ నాకు మన క్యాసెట్లు గుర్తొస్తాయి.

గల్ఫ్‌కు మొదట వచ్చిన తరంలో చాలామంది ఉత్తరం రాయడానికి బదులు క్యాసెట్‌లో మాటలు నింపి, ఊరెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. ఇంట్లోవాళ్ళు దానికి అటువైపు తమ మాటలు నింపి తిరిగి పంపేవారు. మా బిల్డింగులో జగిత్యాల వైపు మిత్రుడొకాయన ఉన్నారు. ఆయన తండ్రి 1980లలో దుబాయ్ నుంచి పంపిన క్యాసెట్లు రెండు వాళ్ళమ్మ బట్టల కింద దాచి ఉంచారట. ఒకటి టేపు తెగి చుట్టుకుపోయింది. రెండోది కిందటి సెలవులకు వెళ్ళినప్పుడు ఆయన తెచ్చారు. పాత టేప్‌రికార్డర్ ఒకటి సంపాదించి, హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి లాప్‌టాప్‌కి వైరు కలిపి, నలభై నిమిషాలూ ఎక్కించాం.

మొదట్లో కూలరు చప్పుడు. తర్వాత ఆయన తండ్రి గొంతు. "పైసలు ముట్టినయా? బర్రె ఈనిందా? పెద్దోడు బడికి పోతున్నడా?" ఆ పెద్దోడు మా మిత్రుడే. ఇప్పుడు ఆయనకి యాభై దగ్గర పడుతున్నాయి. బాపు పోయి పదిహేనేళ్ళు. పక్కన కూర్చున్న ఆయన కూతురికి పద్నాలుగేళ్ళు, తాతను చూడనే లేదు. ఆ అమ్మాయి మర్నాడు వచ్చి, "అంకుల్, తాత మాటల కింద బీట్ పెట్టవచ్చా?" అని అడిగింది. వాళ్ళ నాన్న ఒప్పుకున్నాక చేసింది. రెండు నిమిషాల పాట. నిదానపు డ్రమ్ము, ఒక పియానో వరస, మధ్య మధ్య తాత అడిగే ప్రశ్నలు. కూలరు చప్పుడు తీసెయ్యడం సాఫ్ట్‌వేర్‌లో క్షణం పని. కానీ తీయలేదు. "అది తాత రూము కదా అంకుల్" అంది. బ్రిస్టల్ పిల్లలకు ముప్పై ఏళ్ళ కిందట తట్టిందే ఈ అమ్మాయికీ తట్టింది.

అందుకని ఈ సంచికకు మీ ఇంటిపని ఇది. ఇంట్లో, ఊళ్ళో అటక మీద ఉన్న క్యాసెట్లు వెతకండి. టేపు మీద పూత ఏటేటా రాలిపోతుంది. ఇక్కడికి తెస్తే ఎండలో కారులో మాత్రం వదలకండి. క్యాసెట్లు లేకపోతే తాతయ్యలు, నానమ్మలు ఇక్కడికి వచ్చినప్పుడో, సెలవుల్లో మీరు వెళ్ళినప్పుడో పిల్లల చేత ఫోనులో రికార్డు చేయించండి. ముందుగా వాళ్ళను అడగండి. ఏసీ ఆపండి. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే ఎవరూ ఏమీ చెప్పరు. "మీ ఇంటి బావి ఎక్కడుండేది?", "మొదటిసారి రైలెప్పుడు ఎక్కావు?" అని అడగండి, ఆపమన్నా ఆపరు. ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ అన్నది ఫైలు పేరులోనే రాయండి. అసలు ఫైలును ముట్టుకోకుండా మూడు కాపీలు ఉంచండి. అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. మా ఆఫీసుల్లో అకౌంట్ల ఫైళ్ళకే ఇంత జాగ్రత్త తీసుకుంటాం. నానమ్మ గొంతుకు తీసుకోమా?

ఆ తర్వాత పాట కట్టడం పిల్లల పని. ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది. ఆపిల్ వస్తువులున్నవాళ్ళకు గ్యారేజ్‌బ్యాండ్ ఉండనే ఉంది. నిమిషానికి ఎనభై అయిదు దెబ్బలు పెట్టుకుంటే మాట మింగుడుపడేంత చోటు ఉంటుంది. వాద్యం నేర్చుకోవాలన్న ఉత్సాహం వస్తే కతారాలో 2011లో మొదలైన ఖతార్ మ్యూజిక్ అకాడమీ ఉంది. అక్కడ పాశ్చాత్య వాద్యాలతోపాటు అరబ్ సంగీతం కూడా నేర్పుతారు.

రెండు చిన్న మనవులు. అజాన్ వినిపించినప్పుడు స్టీరియో ఆపండి, అది మనం ఈ దేశానికి ఇచ్చే మర్యాద. బేస్ బాగుందని అర్ధరాత్రి పెంచకండి, గోడ అవతల కూడా రేపు ఆఫీసుకు వెళ్ళాల్సినవాళ్ళే ఉన్నారు.

మీ పిల్లలు ఏదైనా కట్టితే సంఘం తర్వాతి కార్యక్రమంలో వినిపించే ఏర్పాటు చేద్దామని కమిటీ పెద్దలను అడుగుతాను. వచ్చే సంచికలో వేణువు, శాక్సోఫోన్ల సంగతులతో కలుద్దాం. అందాకా సెలవు.